పొలిమేర దాటించిన రోగం

కోట్‌పల్లి, 12-5-1958

తమ్ముడు బాలప్పకు,

మనుషులం బాగున్నాము. ముసర రోగంతో చచ్చిన మా మూడు పశువులను, రోగం ఊరు విడవాలని మొక్కి, పొలిమేర దాటించి అడవిలో పడేశాము. ఇప్పుడు అడవిపందులు, దుప్పులు ఆ పశువుల లెక్కనే చొంగ కారుస్తూ మా వాగుకే నీళ్లకు వస్తున్నాయి. పశువుల డాక్టరును అడిగితే, "ఎడ్లకైతే సూది వేస్త. గా దుప్పులను ఎవరు పట్టుకొస్తరమ్మా?" అన్నాడు. మిగిలిన ఒక్క కోడె నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు.

దుక్కికి పంపుతానన్న నీ ఎడ్లను పంపకు. ఈసారి మా చేను బీడే. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? మీ పశువులకు సూదులు వేయించావా? చూడ రావాలనిపిస్తే ఎడ్లబండి కట్టక బస్సులో రా. పోయేటప్పుడు ఇక్కడి మట్టి అంటిన చెప్పులు ఇక్కడే విడిచి పో.

పిల్లలకు దీవెనలు.

అక్క హన్మమ్మ