బదులు పాట

ధర్మవరం,
కార్తీక శనివారం

మా బంగారు చెల్లెలు మాధవికి, అక్క దీవించి రాసేది.

నువ్వు నా మీద నిప్పులు చెరుగుతున్నావని మీ బావ చెప్పాడు. చెరుగు తల్లీ, చెరుగు. నీ కూతురు సింధూర నిశ్చితార్థంలో అందరి ముందూ నోరు కుట్టుకుని కూర్చున్న అక్కను తిట్టకపోతే ఇంకెవర్ని తిడతావు? ఆ రోజు నుంచి నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. ఎత్తినా ఏం లాభం? ఇటునుంచి నీకు గాలి తప్ప ఏమీ వినబడదు. వాట్సాప్‌లో ఒక్కో అక్షరం పొడుచుకుంటూ ఇంత సంగతి చెప్పడం నా వల్ల కాదు. మా చీరల అంగట్లో పనిచేసే దేవప్ప రేపు హిందూపురం వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు చదువుకో.

మాధవీ, నా గొంతు పోయింది.

ఆషాఢంలో బెంగళూరులో గొంతు దగ్గర గడ్డ తీయించుకున్నాను కదా. గడ్డతో ప్రమాదం లేదని తేలింది, దేవుడు చల్లగా చూశాడని అందరం అనుకున్నాం. మత్తు దిగాక మీ బావను పిలవబోతే నోట్లోంచి ఊపిరి వచ్చింది గానీ మాట రాలేదు. మాటకు బలమిచ్చే నరం ఒకటి సొమ్మసిల్లిందట. ఇలాంటి ఆపరేషన్లలో అరుదుగా అలా జరుగుతుందట, ఎవరి తప్పూ కాదట. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నువ్వు చూడటానికి వచ్చినప్పుడు, డాక్టర్లు మాట్లాడొద్దన్నారని చేతులూపి తప్పించుకున్నాను. ఆ తర్వాత అందరికీ జలుబు, బొంగురు అని మీ బావ చేత అబద్ధాలు ఆడించాను. పాపం, ఆయన అబద్ధం ఆడినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి. ఎలా నమ్మారో మీరంతా!

ఎందుకు దాచావని అడుగుతావు. సిగ్గు, ఇంకేముంది? ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళిలో నలుగు పెట్టినా సోబానే పాటకు ముందుగొంతు నాదే. నేను ఒక వరుస పాడితే, ఆడవాళ్ళంతా 'సోబానే' అని అందుకునేవాళ్ళు. పిల్లనిచ్చే వాళ్ళు లగ్నం పెట్టుకునే ముందే లక్ష్మీనరసమ్మకు వీలవుతుందా అని కనుక్కునేవాళ్ళు. నా మిడిసిపాటు నీకు తెలియనిదా? అది పోయిందని చెప్పుకుంటే నన్నెవరు పిలుస్తారు, దేనికి పిలుస్తారు?

ఇక ఆ రోజు సంగతి. పెళ్ళికొడుకు సునీల్ వాళ్ళవ్వ పార్వతమ్మ గుడిబండ నుంచి వస్తూనే నా కోసమే వెతికింది. నా పేరు ఆమె చెవిన పడిందట. ఎదురుగా కూర్చుని, వక్క బుగ్గన పెట్టుకుని, సగం తెలుగూ సగం కన్నడమూ కలిపి నా మీద పాట కట్టింది.

ధర్మవరం అక్కమ్మకు పట్టుచీర బరువంట
లేవలేక లేవలేక జేసీబీని పిలిచెనంట, సోబానే!

అందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నిజంగా మంచి పాట. బదులు నా నాలుక చివరే ఉంది. నోరు తెరిస్తే ఆ గాలి వినబడి అందరికీ తెలిసిపోతుందని పళ్ళు బిగపట్టి తల వంచుకున్నాను. ఆమె రెండోసారి పాడింది. మూడోసారి గొంతు తగ్గించి పాడింది. ఆ తర్వాత లేచి వెళ్ళిపోయింది. ఎగతాళి పాటకు బదులు పాడకపోతే సంబంధం ఇష్టం లేదనే కదా మన ఊళ్ళల్లో అర్థం! అది తెలిసీ కూర్చున్నాను చూడు, నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.

ఇప్పుడు వాళ్ళు లగ్నపత్రిక రాయించకుండా నాన్చుతున్నారని మీ ఆయన ప్రసాద్ మీ బావతో అన్నాడట. "పిల్ల పెద్దమ్మకే ఇష్టం లేదంట, ఇంగ మనం ఏమని పోయేది?" అని గుడిబండలో అనుకుంటున్నారట. సింధూరకు ఆ అబ్బాయి అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. నా నోరు మూతపడి ఆ పిల్ల పెళ్ళి ఆగిపోతే నేను బతికి ఏం లాభం?

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నీకు తప్ప ఎవరికి చెప్పను? నా పేరులోనే కదిరి నరసింహస్వామి ఉన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి శనివారం ఆయన పటం ముందు పాడాను. జ్వరంలో పాడాను, పురిటి నొప్పులు మొదలవుతుంటే పాడాను, నాయన పోయిన ఏడాది ఏడుస్తూ పాడాను. ఆయనకేమైనా లోటు చేశానా? తీసుకోవడానికి ఇంకేమీ దొరకలేదా ఆయనకి? కాలో చెయ్యో తీసుకోకూడదా? అప్పటి నుంచి దీపం వెలిగించి, దండం పెట్టకుండా లేచి వచ్చేస్తున్నాను. ఆయన చూస్తాడు, నేను చూడను. అలా ఉంది మా కాపురం.

కాబట్టి మాధవీ, సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు గుడిబండ వాళ్ళకు చెప్పు. నా పరువు కంటే సింధూర పెళ్ళి ఎక్కువ. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను, పెళ్ళికి నన్ను రమ్మని బలవంతం చేయకు. నలుగులో అందరూ నా నోటి వైపు చూస్తుంటే నేను కూర్చోలేను. మీ బావ వస్తాడు. నేను ఇక్కడి నుంచే అక్షింతలు వేస్తాను.

నోరు లేని నీ అక్క,
లక్ష్మీనరసమ్మ


ధర్మవరం,
మార్గశిరం, గురువారం

అల్లరి చెల్లెలా, మాధవీ,

ఉన్నదున్నట్టు చెప్పమంటే చెప్పి ఊరుకుంటావనుకున్నాను. ఆ ముసలామెను నా మీదికి తోలతావని ఎవరనుకున్నారు?

మొన్న పొద్దున అంగడి తెరిచి, ధూపం వేస్తున్నాను. ముందు ఆటో ఆగింది. చేతిసంచీ, వక్కలపొడి డబ్బా, సునీల్ చేయి పట్టుకుని పార్వతమ్మ దిగింది. చూడగానే నేను చీరల బీరువా చాటుకు పోయాను. మీ బావ, "రాండి రాండి, కూర్చోండి" అంటూనే చెవులు ఎర్రజేసుకున్నాడు. ఆమె కూర్చోలేదు. నేరుగా బీరువా వెనక్కి వచ్చి నా రెట్ట పట్టుకుంది.

"ఏమ్మా, మీ చెల్లెలు చెప్పె. నమ్మలేదని కాదు, నా కండ్లతో చూసిపోదామని వచ్చినా. యాడికి పోతాండావు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నా పాటకు బదులియ్యకుండా సుమ్నే, గమ్మున కూర్చుంటివి. మా పిల్లోడిలో ఏం తప్పు చూసిందో ఈ యమ్మ అని నాకు అన్నం సయించలేదు. ఆపొద్దు బదులు నీ నోట్లో ఉండెనా, లేదా? అది చెప్పు ముందు."

ఉండిందని తల ఊపాను.

"పాడు మల్ల."

ఏం మనిషి, మాధవీ! గొంతు లేదని తెలిసీ పాడమంటుంది. నాకు రోషం వచ్చింది. సరే, విను, విని నువ్వూ జాలిపడి పో అని నోరు తెరిచాను. ఆ రోజు మింగేసిన బదులు రెండు వరుసలూ ఊపిరితోనే అన్నాను. ఆమె నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. సగంలోనే భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట పట్టుకుని, అక్కడే పరిచిన తెల్లగుడ్డ మీద కూలబడి నవ్వింది. మీ బావ భయపడి నీళ్ళు తెచ్చాడు.

నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అంది: "గొంతు పోతే పోయింది. పాట యాడికీ పోలేదు గదమ్మా, నీ దగ్గరే ఉండాది. పెండ్లిలో నా పక్కన కూర్చో. నువ్వు చెవిలో చెప్పు, నేను ఎత్తుకుంటా. గొంతు నాది పెట్టుకో."

"అవ్వా, ఆమె పాడేది నిన్ను ఎగతాళి చేసే పాట కదా! నిన్ను నువ్వే తిట్టుకుంటావా?" అన్నాడు సునీల్.

"తిట్టుకుంటా. నీకేమప్పా నొప్పి?" అంది.

ఇన్ని నెలల్లో డాక్టర్లు, బంధువులు, నేనే బతిమాలి అబద్ధాలు ఆడించిన మీ బావ, అందరూ నన్ను ఊరుకోమన్నవాళ్ళే. మాట్లాడొద్దు, ఆయాసపడొద్దు, విశ్రాంతి తీసుకో అన్నవాళ్ళే. పాడమన్న మనిషి ఈమె ఒక్కతే. ఆమె ఒడిలో తల పెట్టి ఏడ్చాను మాధవీ, సిగ్గు లేకుండా, కొనడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగా. ఆమె నా వీపు నిమురుతూ మీ బావతో పెళ్ళిచీర అంచు పెద్దదిగా ఉండాలని బేరం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం స్వామి పటం ముందు దీపం వెలిగించి లేవబోయాను. లేవలేకపోయాను. ఆయన ఏదో ఒకరోజు నా గొంతులోకి దిగి వస్తాడని చూస్తున్నాను. ఆయనేమో గుడిబండ నుంచి బస్సెక్కించి, ఆటో దింపి మనిషిని పంపాడు. నేను ముఖం తిప్పుకున్న ఈ రోజులన్నిటిలోనూ ఆయన ఆ పటంలో ఊరికే కూర్చోలేదని అర్థమైంది. దండం పెట్టాను. ఇంకా కోపం పూర్తిగా పోలేదని కూడా చెప్పాను. ఆయనతో దాపరికం ఎందుకు?

పెళ్ళికి వస్తున్నాను. భయం పోలేదు, అయినా వస్తున్నాను.

నీ అక్క,
లక్ష్మీనరసమ్మ


ధర్మవరం,
మాఘం, పెళ్ళి అయిన వారం

నా చెల్లికి, గుడిబండ వాళ్ళ కొత్త వియ్యపురాలికి,

అలసట తీరిందా? ఇంట్లో పిల్ల లేక వెలితిగా ఉంటుంది. వేళకు తిను. పెళ్ళి ఎంత బాగా జరిగిందో నీకు రాద్దామని కూర్చున్నాను. నవ్వకు. పెళ్ళికూతురి తల్లివి, పెనుకొండ మండపంలో నీకేం కనబడి ఉంటుంది? పప్పు చాలిందా, పూలవాడు వచ్చాడా అని వంటశాలకీ వాకిలికీ తిరగడంతోనే నీకు సరిపోయింది. కాబట్టి నువ్వు చూడనిది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పెళ్ళికి ముందు మళ్ళీ డాక్టరమ్మను కలిశాం. మార్పు లేదంది. ఇక పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. మీ బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఏడవలేదు. గొంతు కావాలని రోజూ అడుగుతున్నాను, అడగడం మానను. ఇవ్వకపోయినా ఆయన నా పక్కన ఉన్నాడన్న సంగతి మాత్రం ఇప్పుడు నాకు గట్టిగా తెలుసు. అంత ధైర్యం నాకు గొంతు ఉన్నప్పుడు కూడా లేదు. ఇది నిజం, నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

నలుగు నాడు ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నా నోటి వైపే చూశారు. నేను భయపడినట్టే చూశారు. పార్వతమ్మ నా పక్కన చతికిలబడి, "ఏమలా చూస్తాండారు? ధర్మవరం అక్కమ్మ పాట కడతాది, నేను పాడతా. నోరు మూసుకుని అందుకోండి" అని గదిమింది. నేను ఆమె చెవిలో చెప్పాను. ఆమె ఖంగుమని ఎత్తుకుంది.

గుడిబండ అవ్వకూ మూడే పళ్ళంటా
లడ్డు కొరకబోతే రెండాయెనంటా, సోబానే!

పాడి ఊరుకుందా? ఇదిగో చూడండి అని నోరు తెరిచి అందరికీ పళ్ళు చూపించింది. నవ్వలేక పసుపు గిన్నె తన్నేసుకున్నారు. మగపెళ్ళివారి తరఫు బదులు కూడా ఆమే పాడింది, నన్ను జేసీబీతో లేపించింది. మళ్ళీ నా తరఫున తనను తానే దులిపేసుకుంది. రెండు వైపులా ఒక్క గొంతే, మధ్యలో నా ఊపిరి. నేను ఇంతకు ముందు ఎన్ని పెళ్ళిళ్ళు పాడానో! నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టిన పెళ్ళి ఇదొక్కటే.

అప్పగింతలప్పుడు నువ్వు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నావు. ప్రసాద్ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కారు తలుపు తీసి ఉంది. అప్పగింతల పాట ఎత్తుకోవాలి. ఆ పాట మన అవ్వ సిద్ధమ్మ నేర్పింది, నీకు గుర్తుంది కదా. నేను పార్వతమ్మ చెవిలో మొదటి వరుస చెప్పాను. ఆమె నోరు తెరిచింది, పాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "నా వల్ల కాదమ్మా. నన్నూ మా అమ్మ ఇట్లే పంపించె" అని నా భుజం మీద వాలిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు. ఎత్తుకునేవాళ్ళు ఎవరూ లేరు.

పాట లేకుండా మన పిల్లను పంపడమా? నేను కారు దగ్గరికి వెళ్ళాను. సింధూర ముఖం రెండు చేతులతో పట్టుకుని ఊపిరితోనే పాడాను.

కొత్త వాకిలి తొక్కే బిడ్డా, బెదరకమ్మా
నీకన్నా ముందే పోయి స్వామి ఆడ నిలిచెనమ్మా, సోబానే.

ఇన్నేళ్ళుగా ఆ వరుస పాడుతూనే ఉన్నాను గానీ, అందులో ఏముందో ఒక్కనాడూ వినలేదు మాధవీ. నా గొంతు ఎంత బాగుందో అదే విన్నాను. ఆ రోజు వినడానికి గొంతు లేదు, మాట ఒక్కటే మిగిలింది. ఆపరేషన్ గదిలోకి నాకన్నా ముందే వెళ్ళి నిలబడ్డవాడు, ఇప్పుడు ఈ పిల్ల అడుగుపెట్టే ఇంటి ముందు కూడా నిలబడి ఉన్నాడు. కళ్ళు నిండిపోయాయి. నా ఊపిరి ఎవరికి వినబడుతుందిలే అనుకుంటూనే చివరిదాకా పాడాను. పక్కనే మేళం మోగుతోంది.

సింధూర తలలోని పూలు పక్కకు తోసుకుని, తన చెవి నా నోటికి ఆనించింది.

"వినబడింది పెద్దమ్మా. ఇంగొకసారి పాడు" అంది.

ఇంకొకసారి పాడాను.

నీ అక్క,
లక్ష్మీనరసమ్మ