విప్పి బిగించే బీరువా

అంబాజీపేట,
మంగళవారం.

చిట్టితల్లి శారోన్‌కి మీ నాన్న దీవెనలు. దేవుని దయ వల్ల ఇక్కడ మేమంతా కులాసా, అమ్మ మోకాలు ఒక్కటి తప్ప. దానికి రోజూ కొబ్బరినూనె రాస్తున్నాం. బెంగళూరులో నీ ఫర్నిచరు ట్రైనింగూ, నీ తిండీ బాగున్నాయని తలుస్తాను.

ఫిట్టింగుల పార్సిల్లో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. "చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాస్తారేంటండీ" అని అమ్మ నవ్వుతోంది. ఫోనులో అయితే నేను "భోంచేశావా" అని అడిగి పెట్టేస్తాను. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. కొలతలన్నీ ఒకే అంచు నుంచి తీస్తున్నానా అన్నది మొదటిది. తీస్తున్నాను తల్లీ. ఒక చెక్కకి ఇటునుంచీ, ఇంకో చెక్కకి అటునుంచీ కొలిస్తే బెజ్జాలు ఎదురుపడవని ఇప్పుడు నాకూ తెలుసు. డ్రిల్లు బిట్టుకి టేపు చుట్టానా అన్నావు. ఎర్ర టేపు చుట్టాను. టేపు దాకా దిగగానే ఆపేస్తున్నాను, ఒక్క బెజ్జం కూడా అవతలికి పొడుచుకు రాలేదు. నాగవల్లి టీచరుగారి పుస్తకాల బీరువా మేడెక్కిందా అన్నది మూడోది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

బెన్నీ మావయ్య తన ట్రక్కు ఆటోకి కొత్త హారను పెట్టించాడు. అది మోగితే వీధిలో కోళ్లన్నీ జవాబు చెబుతున్నాయి. కొబ్బరికాయల లారీలు కూడా దారిస్తున్నాయని గొప్పలు పోతున్నాడు.

సరే, ఇక దాచను. టీచరుగారి ఆరు బీరువాల్లో మొదటిది మేడెక్కలేదు.

నువ్వు గీసిచ్చినట్టే చేశాను. చెక్క చీలలు పెట్టి, పిన్ను దూర్చి, గుండ్రటి బిళ్లని స్క్రూడ్రైవరుతో అరచుట్టు తిప్పితే రెండు పలకలూ దగ్గరికి లాక్కున్నాయి. బయటికి ఒక్క మేకు తలా కనపడలేదు. అదే నాకు నచ్చలేదు. కనపడని బిళ్ల ఇన్ని పుస్తకాల బరువు మోస్తుందా? నలభై ఏళ్ల వడ్రంగిని కదా! విప్పి, అతుకు అతుకుకీ జిగురు పూసి మళ్ళీ బిగించాను. అమ్మకి కూడా చెప్పలేదు.

కొత్తపేటలో టీచరుగారి మేడమెట్లు నీకు తెలుసుగా, మనిషి పక్కకి తిరిగి ఎక్కాలి. అందుకేగా నువ్వు విప్పే బీరువా గీసింది. మావయ్య ఆటోలోంచి మెట్ల కింద దింపి బిళ్లలు తిప్పితే తిరిగాయి. పలకలు కదిలితే ఒట్టు.

"తా దూర కంత లేదు, మెడకో డోలని! బీరువా ఎక్కదు గానీ, మేడనే కిందకి దింపమంటారేంటండీ బావగారూ?" అన్నాడు మావయ్య.

టీచరుగారు నవ్వలేదు. "విడదీసి ఎక్కిస్తారని మీ అమ్మాయి చెప్పిందండి. కుదరకపోతే మిగతా అయిదూ బయట కొనుక్కుంటానండి" అన్నారు.

నీ మొదటి ఆర్డరు నా మూలంగా పోయేలా ఉంది. "తప్పు నాదండి. మా అమ్మాయి లెక్కలో ఏ లోపమూ లేదండి. నాలుగు రోజులు టైమివ్వండి" అన్నాను.

"ఆయ్, చూద్దాం" అన్నారావిడ.

సిగ్గుపడుతూ రాస్తున్నాను తల్లీ. బిళ్ల మీద అనుమానంతో జిగురు పూశాననుకున్నాను. నిజానికి నీ మీదే నాకు నమ్మకం చాల్లేదు. నా పక్కన చెక్కపొట్టుతో ఆడుకున్న పిల్ల నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. ఆ బీరువా ఇప్పుడు మన వరండాలో ఉంది. అమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది. నువ్వొచ్చి చూసి నవ్వుకో.

కొత్తది జిగురు చుక్క లేకుండా చేశాను. నిన్న పలకలుగా మోసుకెళ్లి మేడ మీద బిగించాను. టీచరుగారు ఊరుకుంటారా? "ఇప్పుడు విప్పి చూపించండి" అన్నారు.

మీ తాత లాజరు ఏ సామాను చేసినా మొదటి అతుకు లోపల పెన్సిలుతో చిన్న సిలువ గీసేవాడు. అతుకు మూసుకున్నాక అది దేవుడికీ ఆయనకీ తప్ప ఎవరికీ కనపడదు. నేనూ గీస్తున్నాను. ఈసారి సిలువ పక్కన నీ పేరు రాశాను. ఇది విప్పే బీరువా అన్న సంగతే మరిచిపోయాను. పలక ఊడి రాగానే టీచరుగారు కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు, "శారోన్" అని.

నా చెవులు వేడెక్కాయి. "చెరిపేస్తానండి" అన్నాను.

"ఎందుకండీ? మిగతా అయిదింటికీ అదే పేరు రాయండి. కాకపోతే బయటికి కనపడేలా రాయండి" అన్నారు.

ఇట్లు,
జిగురు సీసా అటకెక్కించిన
మీ నాన్న,
సుందరరావు