కణత పక్కన ఎడమ చెయ్యి

నాన్నా,

ఎలా ఉన్నావు? నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఎల్లుండి మన బిర్సానగర్ క్లబ్బులో నీ పేరు మీద బాక్సింగ్ పోటీలు. చెల్లి కూడా ఆడుతోంది. రేపు పొద్దున ఆడేవాళ్ళకు డాక్టరు పరీక్ష. అందుకే రాస్తున్నాను... నాకు భయంగా ఉంది.

నువ్వు జాతీయ చాంపియన్ అయిన రోజు ఫోటో పెద్దది చేసి గేటు దగ్గర కట్టారు. అందులోనూ నీ ఎడమ చెయ్యి కణత పక్కనే ఉంది. ఇప్పుడు క్లబ్బు పిల్లలంతా అలాగే నిలబడుతున్నారు, పక్క ఊరు ఆదిత్యపూర్ నుంచి వచ్చేవాళ్ళు కూడా. కోచ్ దాన్ని నీ స్టైల్ అని నేర్పిస్తున్నాడు.

ఆ చెయ్యి అక్కడెందుకు ఉండేదో మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?

నేనప్పుడు రెండో క్లాసు. ఆ జాతీయ పోటీకి ముందు నన్ను డాక్టరు గదికి తీసుకెళ్ళావు. గోడకు కళ్ళ పరీక్షకు పెట్టిన ఇంగ్లీషు అక్షరాల అట్ట. "ఓపాలి సూసి గుర్తెట్టుకో అమ్మా. బడిలో రైమ్ సెప్పినట్టు నాకు సెప్పాల." బయట బెంచీ మీద కూర్చుని వరసా వరసా నేర్పాను. నువ్వు కుడి కన్ను మూసుకుని గడగడా అప్పజెప్పావు. డాక్టరు నీ భుజం తట్టాడు.

నీ ఎడమ కన్ను అప్పటికే పోయిందని, ఆ పక్క దెబ్బ కనపడకే చెయ్యి అక్కడ పెట్టేవాడివని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. నీ ఎడమ పక్క పెట్టిన కాఫీ గ్లాసులు ఎన్ని దొర్లిపోయాయో... అమ్మ పరధ్యానమని విసుక్కునేది. నేనడిగితే నవ్వావు. "గెలిసినోడి కళ్ళు ఎవుడు సూత్తాడమ్మా."

నేను చూశాను నాన్నా.

నిన్న చెల్లి నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. నెల రోజులుగా ఎడమ కంటికి నల్లటి తెరలా ఏదో అడ్డొస్తోందట. ఈ పోటీలు అయ్యాక చూపించుకుంటుందట. గెలిచినవాళ్ళను రాష్ట్ర జట్టుకు తీసుకుంటారు మరి. అమ్మకు చెప్పొద్దని, ఈ ఊళ్ళో పెరిగిన పిల్ల కదా, హిందీలో బతిమాలింది. తర్వాత మెడ వెనక గోక్కుంటూ, అచ్చం నీలాగే, డాక్టరు గదిలో ఆ అట్ట ఒకసారి చూసి రమ్మంది. నాకు ఒక్క చూపుకే గుర్తుంటాయి కదా అంది. మన సంగతి దానికి తెలియదు. తెలియకుండానే ఎలా అడిగింది?

సాయంత్రం క్లబ్బులో డాక్టరు గదికి వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడే చదివేశాను. ఇప్పుడు మొత్తం వచ్చు. మర్చిపోదామంటే పోవడం లేదు...

దానికి చెప్పనా? చెప్పకపోతే నాతో మాట్లాడదు. చెబితే ఆ కన్ను ఏమవుతుంది?

నలుగురిలో నా గొంతు పెగలదని నీకు తెలుసు. స్కూల్లో పాఠం చెప్పే సిస్టర్ నా పేరు పిలిచినా వణికేదాన్ని. "నువ్వు మాటాడక్కర్లేదులే అమ్మా. నీ తరపున నేను గొడవెడతాను" అనేవాడివి. రేపు ఎవరు పెడతారు?

చెల్లితో పాటు నేనూ లోపలికి వెళ్తాను. ఆ అట్ట తీసేసి వేరేది పెట్టమని డాక్టరును అడుగుతాను. ఎందుకని అంటే నీ సంగతి కూడా చెప్తాను. గేటు దగ్గర ఫోటో తీసేస్తారేమో... తీసేయనీ. నువ్వు నన్ను తిట్టుకో.

చెల్లి ఏడుస్తుంది. నన్ను తోసేస్తుంది కూడా. అయినా దాని ఎడమ పక్క నుంచి కదలను, నాన్నా.

నీకు అక్షరాలు నేర్పిన
నీ పెద్దమ్మాయి