ఓర్లిన్ పెదనాన్న గేర్‌బాక్స్

నవంబర్ 3

ప్రియమైన వెర్నా పెద్దమ్మకి,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో ఎదురవబోయే అజ్ఞానానికి, అతిశయోక్తికి, వంకర చేతిరాతకి, ఈ మూల పడ్డ డీజిల్ మరకకి, మిసూలా కాలేజీలో నాలుగేళ్ళు తత్వశాస్త్రం చదివి కూడా నేనింకా ఇలాగే మిగిలినందుకు మోంటానా రాష్ట్ర ప్రజలందరి తరఫునా తలవంచి మన్నింపు వేడుకుంటున్నాను. ఫోన్‌లో నా వెకిలితనం రెట్టింపు వినిపిస్తుందని కాగితం మీద రాయమన్నది నువ్వే.

ఆవులు నూట అరవై, అన్నీ క్షేమం. పెదనాన్న డీజిల్ పికప్ క్షేమం కాదు. మార్చిలో ఆయన పోయాక షెడ్డులోనే పడి ఉంది కదా, మొన్న స్టార్ట్ చేశాను. ఇంజను మహా గంభీరంగా గర్జించింది. చక్రాలు కదల్లేదు. నూనె మట్టం చూసే కొలపుల్ల తీసి చూస్తే గేర్‌బాక్స్ నూనె మాడి కాఫీ డికాక్షన్‌లా ఉంది.

స్టీరింగ్‌కి తాడు కట్టి, చిన్న గేరులో బండిని దాని మానాన పాకనిచ్చి, వెనకెక్కి గడ్డి తోసుకోవడానికి మనకున్నది ఈ ఒక్క బండే. మంచు పడేలోపు ఇది లేవకపోతే మంద అమ్మేసి స్పోకేన్‌లో నీ చెల్లెలి దగ్గరే ఉండిపోతానన్నావు. కాబట్టి నేను మేస్త్రీల వేటలో పడ్డాను.

మొదటివాడు, "ఇరవై ఏడేళ్ళ బండా? మార్చిలో కనపడు" అన్నాడు. రెండోవాడు నేను పట్టుకెళ్ళిన కొలపుల్ల వాసన చూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "ఇంతకుముందు ఈ గేర్‌బాక్స్ విప్పి కట్టినవాడి దగ్గరికే తీసుకుపో" అన్నాడు. ఎందుకన్నాను. "వాసన నచ్చలేదు." కాలిన నూనె ఎవరికి నచ్చుతుందన్నాను. "నూనె సంగతి కాదు" అని షట్టర్ దించేశాడు. అప్పటికి మధ్యాహ్నం రెండైనా కాలేదు.

ఇంకో చిన్న విషయం. నేను గేరు లివర్‌ని పార్కింగ్‌లో పెట్టి, తాళం తీసి, తలుపేసి వస్తాను. పొద్దున వెళ్ళేసరికి లివర్ చిన్న గేరులో ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు. ఆవులు గడ్డివామి వైపు పోవడం మానేసి, ఆ ఖాళీ బండి వెనక వరసగా నిలబడుతున్నాయి. అరవవు, కదలవు. వెనక ఏమీ లేదని వాటికి చెప్పి చూశాను. నా తత్వశాస్త్రం వాటికి ఎక్కలేదు.

నీ చేతి వంట లేక చిక్కి శల్యమైన
థాడ్

*

నవంబర్ 9

ఒరేయ్ థాడ్,

నువ్వు చిక్కావంటే నేను నమ్మను. నా పీచ్ జామ్ సీసాలు లెక్కపెడితే తెలుస్తుంది.

వాళ్ళనీ వీళ్ళనీ అడగడం మానెయ్. కాటన్‌వుడ్ వాగు దాటి, కంకర రోడ్డు చివరిదాకా పో. ఆల్విన్ క్రెబ్స్ ఉంటాడు. బోర్డు ఉండదు. పదహారేళ్ళ కింద ఆ గేర్‌బాక్స్ విప్పి కట్టింది ఆయనే. మీ పెదనాన్న ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. మంచి మేస్త్రీ పేరు ఊరికి చెబితే మన బండి వరసలో ఆఖరికి పోతుందని ఆయన భయం. నువ్వూ నోరు మూసుకో.

నూనె చల్లార్చే గొట్టాలు కూడా కడుగుతావా అని ఏ మేస్త్రీనైనా అడగాలి. "చూద్దాం" అన్నాడంటే బండి వెనక్కి తెచ్చెయ్యాలి. ఆల్విన్‌ని మాత్రం అది అడక్కు, కొడతాడు. ఆయనకో పట్టింపు ఉంది. గేర్‌బాక్స్ ఎలా చచ్చిందో బండిగలవాళ్ళు నిజం చెప్పేదాకా తిరిగి బిగించడు. కారణం దాస్తే లోపల వేసే కొత్త ప్లేట్లు కూడా అలాగే చస్తాయంటాడు.

లివర్‌ని కదలకుండా పట్టి ఉంచే బుష్ అరిగుంటుంది. ఆవుల సంగతి నాకు తెలీదు. చదివాక ఆ కాగితం మడిచి పక్కన పెట్టాను, మళ్ళీ చదవలేదు.

ఇక్కడ డార్లీన్ నన్ను బాగానే చూసుకుంటోంది. చెల్లెలి ఇల్లు చెల్లెలి ఇల్లే అనుకో. మీ పెదనాన్న క్షణంలో పోయాడని, పావుగంటలో నువ్వు పక్కన ఉన్నావని తలుచుకుంటాను. అప్పుడు కాస్త నిద్ర పడుతుంది. ఆయన ఒంటరిగా లేడు. అది చాలు నాకు.

టోపీ పెట్టుకో.
నీ పెద్దమ్మ

*

నవంబర్ 15

ప్రియాతిప్రియమైన పెద్దమ్మా,

నీ ఆల్విన్ దొరికాడు. ట్రెయిలర్ మీద బండి తీసుకెళ్ళేసరికి తలుపు తీసి నిలబడున్నాడు, నేనేమో వస్తున్నానని కబురే పెట్టలేదు. "ఓర్లిన్ బండి. చప్పుడు తెలుసు" అన్నాడు. ట్రెయిలర్ మీద ఆపేసి ఉన్న బండి చప్పుడు, పెద్దమ్మా! నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

గేర్‌బాక్స్ దింపి, విప్పి, ఒక్కో ప్లేటూ తెల్ల కాగితం పరిచిన బల్ల మీద వరసగా పేర్చాడు. తర్వాత వాటిని చదవడం మొదలుపెట్టాడు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు సిగ్గుపడాలి.

"ఇది ఓర్లిన్ కాలు. పెడల్ నెమ్మదిగా వదిలేవాడు" అన్నాడు. ఇంకోటి తీసి, "ఇది ఆయన భార్య. కొండెక్కేటప్పుడు తొందర" అన్నాడు. (నేను అనలేదు, ఆయన అన్నాడు.) ఒకటి పట్టుకుని, "ఇది నువ్వు" అని కింద పెట్టేశాడు. ఎలా ఉందని అడిగాను. ఇంకో ప్లేటు అందుకున్నాడు.

ఆఖర్న నల్లగా మాడిన ముక్కలన్నీ ఒకచోట చేర్చి, "ఇది ఎవరి కాలూ కాదు" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇవి మాడిన పూట బండిలో ఎవరున్నారు?" అని అడిగాడు.

"ఆవుల్ని అడగండి, అన్నీ చూశాయి" అన్నాను.

"అవును. ఇంకా చూస్తున్నాయి" అన్నాడు.

ఆవుల సంగతి నేనాయనకి చెప్పలేదు, పెద్దమ్మా.

తర్వాత అట్టముక్క మీద ఏదో రాసి, మడిచి, కవర్లో పెట్టి, నీ చిరునామా అడిగాడు. నాకివ్వండి పంపుతానన్నాను. "నడిపినవాడికి ఇవ్వను, బండిగలావిడకే" అన్నాడు. ముసలాయన చాదస్తం, ఎక్కువ పట్టించుకోకు. ఏదో ఒకటి రాసి పంపేస్తే గురువారానికల్లా బిగించేస్తాడు. ఉత్తరాన మబ్బు పట్టింది.

బండి ఇక్కడ లేదు. అయినా షెడ్డులో అది ఉండే చోటు వెనక ఆవులు వరస కట్టే ఉన్నాయి.

తొందరలో,
థాడ్

*

నవంబర్ 19

థాడ్,

ఆల్విన్ అట్ట వచ్చింది. అందులో రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"చలికి ఇంజను వేగం పెంచి పెట్టారు. బండి దేనికో ముక్కు ఆనించి ఆగింది. చిన్న గేరులోనే ఉండిపోయి, ఆగిన చోటే తోస్తూ మాడింది. నాలుగు గంటలు, బహుశా అయిదు. లివర్‌ని గేరులోంచి తీసేవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకు లేరో రాయండి, బిగిస్తాను."

మార్చి పదకొండున నేను ఊళ్ళో లేను, చీకటి పడ్డాకే వచ్చాను. ఆయన పొద్దున ఏడింటికి గడ్డి వేయడానికి వెళ్ళాడన్నావు. ఏడుంపావుకి నువ్వు చేరి లివర్ తీశానన్నావు. క్షణంలో పోయాడని డాక్టరు అన్నది కూడా నువ్వు చెప్పిన టైము బట్టే.

ఆల్విన్‌కి కాదు, నాకు రాయి. జోకులు వద్దు.

వెర్నా

*

నవంబర్ 23

పెద్దమ్మా,

పొద్దున మొదటి మంచు పడింది. ఆల్విన్‌కి కూడా ఇదే రాసి పోస్టు చేశాను. బిగిస్తాడు. నువ్వు రావాలో, మంద అమ్మాలో ఇది చదివాక నిర్ణయించుకో. నన్ను పొమ్మన్నా పోతాను. బండి వచ్చేదాకా ఆవులకి భుజం మీద మోసైనా వేస్తాను.

ఆ రోజు బండి నేను నడపాలి, ఆయన వెనక నిలబడి గడ్డి వేయాలి. ఆయనకి గుండె నొప్పి వచ్చినప్పటినుంచీ ఒక్కడివే వెళ్ళద్దని నువ్వు పెట్టిన షరతు అది. ఆరున్నరకి వచ్చి నా తలుపు కొట్టాడు. "లేవరా, తత్వవేత్తా" అన్నాడు. ముందురోజు బాగా తాగి ఉన్నాను. "నీ తాడు కట్టుకుని పో పెదనాన్నా, వెనకే వస్తా" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంజను చప్పుడు దూరమవడం విన్నాను. దుప్పటి మీదికి లాక్కున్నాను.

లేచేసరికి పన్నెండు దాటింది. ఇంజను చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, ఒకే చోటి నుంచి. పరిగెత్తాను. బండి విల్లో చెట్ల గట్టుకి ముక్కు ఆనించి తోస్తోంది, చక్రాల కింద గుంటలు పడ్డాయి. ఆవులన్నీ దాని వెనక వరసగా నిలబడున్నాయి. గడ్డి కట్టల తాళ్ళన్నీ కోసి ఉన్నాయి. ఒక్క కట్టా తోసి లేదు. ఆయన ఆ కట్టలకి ఆనుకుని, మన ఇంటి వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను లివర్ తీశాను. ఇంజను ఆపాను. రాత్రి నువ్వు ఇంటికి చేరేముందే పావుగంట అనే మాట తయారు చేసుకున్నాను.

నేను పట్టుకున్నప్పుడు ఊపిరి లేదు, ఆయన చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది పెద్దమ్మా. ఆయన అంతసేపూ ఎదురుచూశాడు. నేను పడుకున్నాను.

థాడ్