నల్లోడికి చెప్పకుండా

జూన్, గురువారం. బడి తెరిచి నాలుగో రోజు.

ఈరోజు కూడా మా అమ్మాయి గౌరిని పెరటి గుమ్మంలోంచే నౌపడ బడికి పంపించాను. మా కుక్క నల్లోడు చూస్తే ఆటో వెనక పడుతుందని మొదటి రోజు నుంచీ ఇదే పద్ధతి. ఆ వేళకి దానికి వీధి వైపు గంజి పోస్తాను. అది తలెత్తేసరికి పిల్ల ఉండదు.

వేసవంతా దాన్ని పక్కనే పడుకోబెట్టుకున్న పిల్ల. ఈరోజు నల్లోడు గంజి వదిలేసి ఇల్లంతా వెతికింది. మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, చూసిన చోటే మళ్లీ చూసింది. గౌరి ఇంట్లోనే ఎక్కడో ఉందనుకుంటోంది.

సాయంత్రం అత్తకి చెప్పాను. "దాని కళ్ల ముందే పంపవే. ఎల్లడం సూస్తే, వస్తాదని కాసుకుంటాది. సూడకపోతే ఎతుకుతానే ఉంటాది," అంది. తర్వాత నా వైపు చూడకుండా చేపలు తోముతూ కూర్చుంది.

సముద్రం మీద వేటకెళ్లే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. బడులు తెరిచే వారమే వేట నిషేధమూ ముగుస్తుంది. నిషేధం ముగిసిన ఆ రోజు మా ఆయన నన్ను లేపకుండా వెళ్లాడు. నాకు మెలకువగానే ఉంది. ఆనవాయితీ కదా అని కళ్లు మూసుకునే పడుకున్నాను. ఆ పడవ మళ్లీ రాలేదు. నాలుగేళ్లయింది.

రేపు గౌరిని వీధి గుమ్మంలోంచి పంపుతాను. నల్లోడు ఆటో వెనక పరిగెత్తితే పరిగెత్తనీ.

ఇది రాస్తుంటే, గౌరి పక్కనే నిద్రపోతున్నా అది మళ్లీ లేచి, తలుపు వెనక చూసి వచ్చింది. అక్కడ ఎవరూ లేరని దానికి చెప్పాలనిపించింది. ఆయన కోసం పొద్దున నేనూ అక్కడే చూశాను.