తొంభై తొమ్మిదింటి దగ్గర ఎవరున్నారు?

హిందూపురం

నాయనా, నీకూ అమ్మకూ అవ్వకూ వందనాలు. నాకు జ్వరం పోయింది, బాగున్నాను. ఫోన్‌లో అడిగితే గొర్రెల అరుపుల్లో నీకు వినబడదని కార్డు రాస్తున్నాను.

క్రిస్మస్‌కు మా చర్చిలో చదవడానికి కథ రాస్తున్నాను. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి దాన్ని వెతకబోయాడని యేసయ్య చెప్పిన కథను మన పెనుకొండ గుట్టకు తెచ్చాను. ప్రార్థనలో తడబడే మాటలు నాకు కథలో తిన్నగా వస్తున్నాయి. అయితే నా గదిలో ఉండే రేఖ చదివి నవ్వింది. వాళ్లకూ నల్లచెరువులో గొర్రెల మంద ఉంది. "ఏమే దీవెనా, మీ కాపరి తొంభై తొమ్మిదింటిని గుట్టలో వదిలేసి పోయినాడా? కుక్కలు పడితే మందంతా పోతాది కదే" అంది. పాస్టరయ్యను అడిగితే, "నేనెప్పుడు గొర్రెలు కాసినానమ్మా, మీ నాయన్నే అడుగు" అన్నారు.

నా చిన్నప్పుడు చెవి తెగిన గొర్రె తప్పిపోతే నువ్వు వెతకబోయావు కదా. దాన్ని భుజాన వేసుకొని వచ్చావు, అది గుర్తుంది. అంతసేపూ మంద దగ్గర ఎవరున్నారు? ఆరోజు నాకు అవ్వే అన్నం పెట్టింది. అంటే మంద దగ్గర ఉన్నది అమ్మేనా? గుట్టలో ఒక్కతే భయపడలేదా? నువ్వు తిరిగొస్తావని ఎట్లా నమ్మింది?

పాత కంబళి ధర్మవరం అత్తతో పంపు, ఈడ చలి ఎక్కువగా ఉంది. నల్లమేక ఈనిందా?

ఈ కార్డు అమ్మకు గట్టిగా చదివి వినిపించు. కథంతా కాపరి గురించే రాశాను, ఆమె గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆమె ఏం చెబితే అది చెప్పినట్టే రాసి పంపు. దేవుడు మిమ్మల్ని మందతో సహా కాయాలి.

దీవెన