సైరన్ గది

అన్నయ్యకు,

ఎదురుగా నిలబడితే నోరు పెగలదని రాస్తున్నాను. రేవు ఆఫీసులో సైరన్ ఉద్యోగం మానేస్తున్నాను.

నెలలో మొదటి సోమవారం పదిన్నరకు ఉత్తుత్తి సైరన్ వేస్తాం కదా, ఖర్మ కాలి భూమి కదిలిందీ ఆ రోజే, పదింటికి. సముద్రం అడుగున నేల విరిగి లేచి నీటిని ఎత్తేసిందని, అరగంటలో అల వస్తుందని కబురు రాగానే మీట నొక్కాను. కిటికీలోంచి చూస్తే ఒక్కరూ కదలరు. "ఇవాళ ముందే కూసిందేంటి!" అని టీ కొట్టాయన నవ్వాడు. ఇది నిజమేనని మైకులో గొంతు పోయేదాకా అరిచాను. నీళ్లు వెనక్కి పోయి పడవలు బురదలో కూలబడ్డాకే పరుగులు మొదలయ్యాయి. మొదటి అల మోకాళ్ల దాకా వచ్చింది. పెద్దది రెండోది. నా గదిలో నడుము లోతు నీళ్లు, బల్లెక్కి నిలబడ్డాను.

ఊరి సంగతి వదిలెయ్. అమ్మ కూడా గడప దాటలేదని, నువ్వే భుజాన వేసుకుని కొండెక్కించావని చెప్పావు. కన్నతల్లే నా సైరన్ నమ్మకపోతే ఇంకెవరి కోసం నొక్కను? చాలా బాధగా ఉంది అన్నయ్యా. రాజీనామా జతచేశాను, తప్పులుంటే దిద్దు.

నీ చిట్టి

చిట్టీ,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అప్పటినుంచి అన్నం ముట్టలేదు. జరిగింది తెలిస్తే నువ్వు హడలిపోతావని, నీకు చెప్పొద్దని ఆ రోజే నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

గడప దాటలేదన్నది నేను ఆడిన అబద్ధం. ఊరంతా ఉత్తుత్తిదే అనుకుంది, సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ అనుకున్నాను. అమ్మ ఒక్కతే అనుకోలేదు. నీ సైరన్ కూయగానే చెప్పులు వేసుకుంది. ఇంట్లో కనబడక వెతుక్కుంటూ వెళ్తే, రేవుకు దిగే మెట్ల మీద దొరికింది. జనమంతా పైకి పరుగెడుతుంటే ఆవిడ కిందికి దిగుతోంది.

"ఎక్కడికమ్మా!" అని గుంజాను.

"అది ఆ గదిలోనే ఉంటుందిరా. అందర్నీ లేపుతుంది, దాన్నెవరు లేపుతారు?" అంది.

రాజీనామా చింపేశాను. సైరన్ గదిని కొండ మీది బడికి మార్చాలని, ఉత్తుత్తి కూత వేరుగా ఉండాలని అర్జీ రాసి ఊరంతా తిప్పి సంతకాలు పెట్టించాను. అది తేలేదాకా ఒక్క మాట విను. మీట నొక్కి పరుగెత్తు. నువ్వు ఎక్కితేనే అమ్మ ఎక్కుతుంది.

అన్నయ్య